ఇంజనుకు కొత్త మెదడు

మోటారు సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కును మీరు చూసే ఉంటారు. పాత బండ్లకు కార్బురేటరు ఉండేది. ఇంజనును నడుస్తూ ఉంచి, దాని చిన్న స్క్రూను ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుతూ అతను చెవి ఒగ్గి వినేవాడు. శబ్దం నిలకడగా రాగానే ఆపేవాడు. ఇంతకూ అతను సరిచేసింది దేనిని? గాలికీ, పెట్రోలుకూ ఉండవలసిన నిష్పత్తిని.

ఒక గ్రాము పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తక్కువైతే పెట్రోలు కొంత వృథా అవుతుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా వెలువడుతుంది. ఇంజను బలంగా లాగుతున్న సమయంలో పెట్రోలు తక్కువైతే అంతకన్నా ప్రమాదం: సిలిండరు లోపల వేడి హద్దు మీరుతుంది.

ఇప్పుడు ఈ నిష్పత్తిని చూసుకొనేది కంప్యూటరు. 1967లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ, పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే సాధనాన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లకు అమర్చింది. పెట్రోలును, నిప్పురవ్వను రెండింటినీ ఒకే కంప్యూటరు నడిపే మోట్రానిక్ పద్ధతి 1979లో బి.ఎం.డబ్ల్యు. కారులో వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో కూడా ఇలాంటి కంప్యూటరే పని చేస్తోంది.

మరి కంపెనీ ఇచ్చిన కంప్యూటరును తీసి వేరొకటి పెట్టడం ఎందుకు? ఒక ఉదాహరణ చూద్దాం. జపానుకు చెందిన మాజ్డా కంపెనీ 1989లో ఎం.ఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చింది. దాని ఇంజను 1.6 లీటర్లది, నాలుగు సిలిండర్లు. గాలి లోపలికి వెళ్ళే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. గాలి తోసినకొద్దీ అది తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటరు గాలిని అంచనా కడుతుంది. పందేల కోసం ఎవరైనా దీనికి టర్బోచార్జరు బిగించారనుకోండి. కంపెనీ ఊహించనంత గాలి సిలిండర్లలోకి పోతుంది. పాత కంప్యూటరులోని అంకెలు ఇక చాలవు. వాటిని మార్చడం తేలిక కాదు. అందుకని, అంకెలను మనమే మార్చుకోగల కంప్యూటరును పెడతారు. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ అటువంటిదే. దాని విడిభాగాలను కొని, స్వయంగా టంకం పెట్టుకొని తయారుచేసుకున్న వారు ఎందరో ఉన్నారు.

ఈ కొత్త కంప్యూటరుకు రేకు తలుపు అక్కరలేదు. మీరు చదువుకొన్న బాయిల్, చార్లెస్ నియమాలే దానికి ఆధారం. గాలి పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణం తెలిస్తే ద్రవ్యరాశి తెలుస్తుంది గదా! అందుకే గాలి గొట్టానికి ఒక పీడన సెన్సారును, ఒక ఉష్ణోగ్రత సెన్సారును అమరుస్తారు.

లెక్క వేద్దాం. ఒక్కొక్క సిలిండరు 400 మిల్లీలీటర్లు. పీడనం 100 కిలోపాస్కల్స్, ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ అయితే అందులో పట్టే గాలి 0.46 గ్రాములు. నిజానికి సిలిండరు పూర్తిగా నిండదు. 80 శాతం నిండిందనుకొంటే 0.37 గ్రాములు. దానిని 14.7తో భాగిస్తే వచ్చే పెట్రోలు 0.025 గ్రాములు, అంటే 25 మిల్లీగ్రాములు. నిమిషానికి 6,000 సార్లు తిరిగే ఇంజనులో ప్రతి సిలిండరుకూ ఇంత పెట్రోలును సెకనుకు 50 సార్లు కొలిచి ఇవ్వాలి!

ఇక నిప్పురవ్వ సంగతి. ఉయ్యాలను ఎప్పుడు తోయాలో మీకు తెలుసు. అది ఇంకా మన వైపు వస్తూండగానే తోస్తే చేతికి దెబ్బ తగులుతుంది. పిస్టను సంగతీ అంతే. మంట వ్యాపించడానికి కొంత వ్యవధి కావాలి కనుక, పిస్టను పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే రవ్వ వేయాలి. మరీ ముందు వేస్తే, మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమని, ఇంజను సుత్తితో కొట్టినట్లు మోగుతుంది. అది అలాగే సాగితే పిస్టనుకు చిల్లు పడవచ్చు.

కాబట్టి కంప్యూటరును బిగించగానే కారును పరుగెత్తించకూడదు. మొదట రవ్వను 10 డిగ్రీల వద్ద స్థిరంగా ఉంచమని ఆదేశిస్తారు. తరువాత, రవ్వ పడిన ప్రతిసారీ తళుక్కుమనే దీపాన్ని తిరిగే కప్పీ మీదికి పట్టుకొంటారు. కప్పీ మీది గీత కదలకుండా నిలిచినట్లు కనిపిస్తుంది. గీత 10కి ఎదురుగా ఉంటే సరే. 20 దగ్గర ఉంటే? తెర మీద 10 అనే ఉంటుంది; ఇంజనులో మాత్రం రవ్వ 10 డిగ్రీలు ముందుగా పడుతోందన్నమాట. కంప్యూటరు అబద్ధమాడలేదు, మనం చెప్పినది నమ్మింది. ఆ తప్పు దిద్దకుండా ముందుకు పోతే ఇంజను దక్కదు.

తరువాత అంకెల పట్టిక. తొలి మెగాస్క్విర్ట్‌లో పెట్రోలు పట్టికకు 8 వరుసలు, 8 నిలువు గళ్ళు, మొత్తం 64 గళ్ళు. ఒక వైపు ఇంజను వేగం, మరొక వైపు గాలి పీడనం. సిలిండరు ఎంత శాతం నిండుతుందో ఒక్కొక్క గడిలో రాస్తారు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు అసలు నిష్పత్తిని చెబుతుంది. బలంగా లాగేటప్పుడు మనం 13 కోరితే సెన్సారు 14.3 చూపిందనుకోండి. పెట్రోలు తగ్గింది. 14.3ను 13తో భాగిస్తే 1.1. ఆ గడిలో 60 ఉంటే 66 చేయాలి. మళ్ళీ నడిపి, మళ్ళీ కొలవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పెట్రోలు కాస్త ఎక్కువగా, రవ్వ కాస్త ఆలస్యంగా ఉంచి మొదలుపెట్టాలి. ఈ పనికి కారు చక్రాలను రోలర్ల మీద తిప్పే యంత్రం ఉంటే మేలు. రద్దీ రోడ్డు తగదు.

ఇప్పుడు మీకొక లెక్క. ఇదే కారు సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీకి వెళ్ళింది. అక్కడ గాలి పీడనం దాదాపు 77 కిలోపాస్కల్స్. ఉష్ణోగ్రత మారలేదనుకొని, ఆ 25 మిల్లీగ్రాముల పెట్రోలును కంప్యూటరు ఎంతకు తగ్గించాలో లెక్కకట్టండి. మీకు 19కి దగ్గరగా వస్తే, కొత్త మెదడు చేసే పనిని మీరూ చేసినట్లే.