బురుజు దాటి... రూటర్‌ దాకా!

2021 అక్టోబరు 4. రాత్రి తొమ్మిది దాటాక వాట్సప్‌ ఆగిపోయింది. ఫేస్‌బుక్‌ తెరుచుకోలేదు. ఎవరి ఫోన్‌ని వాళ్లు తిట్టుకున్నారు! తప్పు ఫోన్లది కాదు. నిర్వహణ పనుల్లో భాగంగా ఫేస్‌బుక్‌ ఇంజినీర్లు ఇచ్చిన ఓ కమాండ్‌ ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే లింకులన్నింటినీ తెంపేసింది. దూరం నుంచి లాగిన్‌ అయ్యే దారి పోయింది, అత్యవసరానికి విడిగా పెట్టుకున్న దారీ పనిచేయలేదు. చివరికి మనుషులే డేటా సెంటర్లకు వెళ్లారు. అంతా సర్దుకోవడానికి ఆరు గంటలకు పైనే పట్టింది.

దూరం నుంచి లాగిన్‌ అంటే... ఊరూరా శాఖలున్న బ్యాంకునే తీసుకోండి. ప్రతి శాఖలో రూటర్లు, స్విచ్‌లు ఉంటాయి. వాటిని చూసుకునే ఇంజినీరు ఎక్కడో ఒకచోట కూర్చుంటాడు. పెద్ద సంస్థల్లో సాధారణంగా అతణ్ని నేరుగా రూటర్‌లోకి రానివ్వరు. ముందు మధ్యలో ఉన్న సర్వర్‌లోకి వెళ్లాలి, అక్కణ్నుంచి రూటర్‌లోకి. దాన్ని జంప్‌ సర్వర్‌ అనీ బాస్టియన్‌ అనీ అంటారు. బాస్టియన్‌ అంటే కోట బురుజు. ఎవరొచ్చారో, ఎప్పుడొచ్చారో చిట్టా అక్కడ రాసుకోవచ్చు.

బాగానే ఉంది కానీ, మూడొందల రూటర్లలో చిన్న మార్పు చేయాలంటే? మూడొందలసార్లు లాగిన్‌ కావాలి! ఈ చాకిరీ తప్పించే తొలి సాధనాల్లో ఒకటి ‘ఎక్స్‌పెక్ట్‌’. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్‌ లైబ్స్‌ 1990లో దాన్ని పరిచయం చేశారు. అవతలి యంత్రం పాస్‌వర్డ్‌ అడిగేదాకా కాచుక్కూర్చుని, అడగ్గానే అందించే ప్రోగ్రామ్‌ అది. చిక్కల్లా ఒకటే. చాలామంది ఆ పాస్‌వర్డ్‌ని స్క్రిప్టులోనే రాసిపెట్టేస్తారు. ఇంటికి తాళం వేసి, చెవిని గుమ్మానికి వేలాడదీసినట్టు!

అప్పట్లో వాడిన టెల్‌నెట్‌లోనైతే పాస్‌వర్డ్‌ పోస్టుకార్డు మీద రాతలా బాహాటంగా ప్రయాణించేది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలా వెళ్తున్న పాస్‌వర్డ్‌లను కాజేశారు. ఆ దెబ్బతోనే అక్కడి పరిశోధకుడు టాటు యూలోనెన్‌ ఎస్‌ఎస్‌హెచ్‌ని రాశారు. ఇందులో పాస్‌వర్డ్‌ బదులు డిజిటల్‌ తాళంచెవి వాడుకోవచ్చు. 2016లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ‘ప్రాక్సీజంప్‌’ తోడైంది. ఒక్క కమాండ్‌తో బురుజు మీదుగా రూటర్‌ దాకా వెళ్లిపోవచ్చు. తాళంచెవి ఇంజినీరు కంప్యూటర్లోనే ఉంటుంది. మధ్య సర్వర్‌ మాటల్ని దాటిస్తుందే తప్ప చదవలేదు.

అయితే మూడొందల రూటర్లకు క్షణాల్లో చేరేది మంచి కమాండేనా, తప్పుడుదా అన్నది స్క్రిప్టుకి తెలియదు. అందుకే జాగ్రత్తపరులు ముందు ఒక్క రూటర్‌ మీద ప్రయత్నించి చూస్తారు. జూనిపర్‌ రూటర్లలో ‘కమిట్‌ కన్ఫర్మ్‌డ్‌’ అని ఓ ఏర్పాటుంది. మార్పు చేశాక పది నిమిషాల్లోగా ఇంజినీరు మళ్లీ ‘సరే’ అనకపోతే, దారి తెగి ఉంటుందనుకుని రూటర్‌ తనంతట తానే పాత సెట్టింగులకు వెళ్లిపోతుంది.