పరిశోధనా సంస్థల కొనుగోళ్లలో చిన్న పరిశ్రమల వాటా

ఢిల్లీలో కరోల్ బాగ్ అనగానే అజ్మల్ ఖాన్ రోడ్డు, గఫార్ మార్కెట్ స్ఫురిస్తాయి. ఆ బజార్లకు సమీపంలోనే పూసా ప్రాంగణం ఉంది. పూసా బాసుమతి రకాలను రూపొందించిన భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇదే. బిహారులోని పూసాలో 1905లో ఆరంభమై, 1934 నాటి భూకంపం తరువాత 1936లో ఢిల్లీకి తరలివచ్చి, 1958లో విశ్వవిద్యాలయ హోదా పొందింది.

కేంద్ర నిధులతో నడిచే ఇటువంటి సంస్థకు గాజు పాత్రలు, విత్తన సంచులు, నీడ వలలు, యంత్రాల విడిభాగాలు నిత్యావసరాలు. వాటి సరఫరాలో చిన్నవారికి చోటు ఉందా?

అమెరికాలో 1978 నాటి చట్టం ప్రకారం, నిర్ణీత మొత్తానికి మించి ఫెడరల్ కాంట్రాక్టు తీసుకునే పెద్ద సంస్థ, అది విశ్వవిద్యాలయమైనా సరే, చిన్న వ్యాపారాలకు ఎంత పని అప్పగించేదీ ముందే ప్రణాళికగా సమర్పించాలి. మన దేశంలో ఈ బాధ్యత కొనుగోలు చేసే శాఖపై ఉంచారు. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి జరపాలి. 2018లో దానిని 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగలవారి యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు ఉద్దేశించారు. పెద్ద కంపెనీ తన ఆర్డరులో కొంత పనిని చిన్న యూనిట్‌కు సబ్‌కాంట్రాక్టుగా ఇస్తే, అది కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

ఉదాహరణకు 400 సంచులకు టెండరు పిలిచారనుకోండి. పెద్ద కంపెనీ సంచికి 100 రూపాయలతో అందరికంటె తక్కువ ధర వేసింది. మీ యూనిట్ 112 వేసింది. మీ ధర 15 శాతం లోపే ఎక్కువ గనుక, మీరు 100 రూపాయలకు అంగీకరిస్తే కనీసం 100 సంచుల ఆర్డరు మీకు దక్కవచ్చు. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు. అయితే ఆర్డరు వచ్చిన పిమ్మట చెల్లించే పనితీరు జామీనుకు ఈ మినహాయింపు లేదు. ఆ సంగతి ఆర్డరు చేతికి వచ్చాకే తెలుసుకునేవారు ఎక్కువ!

ఇక డీలర్ మిత్రులు నిదానించి చదవవలసిన అంశం. 2021 జులై నుండి చిల్లర, టోకు వర్తకులకు కూడా ఉద్యం నమోదుకు అనుమతి లభించింది. కాని ఆ ఉత్తర్వు వారికి ప్రయోజనాన్ని ప్రాధాన్యతా రంగ రుణాలకే పరిమితం చేసింది. కొనుగోళ్లలో వాటా సరుకు తయారుచేసేవారికి, సేవలు అందించేవారికి మాత్రమే. కరోల్ బాగ్ దుకాణదారుకైనా, తెనాలి డీలరుకైనా నియమం ఒక్కటే. సర్టిఫికెట్ ఉన్నది గదా అని ధరావతు కట్టకుండా టెండరు వేస్తే, అది తిరస్కరణకు గురికావచ్చు.

అట్లని డీలరుకు దారి మూసుకుపోలేదు. 2025 జూన్‌లో పరిశోధనా సంస్థలకు నిబంధనలు సడలించారు. శాస్త్రీయ పరికరాలను, సామగ్రిని 2 లక్షల వరకు కొటేషన్లు లేకుండా, 25 లక్షల వరకు కొనుగోలు కమిటీ ద్వారా తీసుకోవచ్చు. సంస్థాధిపతి అనుమతితో జెమ్ పోర్టల్ వెలుపల కూడా కొనవచ్చు. ఇక్కడ ప్రత్యేక వాటా లేదు. సరుకు నాణ్యత, సకాలంలో సరఫరా చేయగల శక్తి ముఖ్యం. నా దృష్టిలో డీలరుకు ఈ మార్గమే మేలు.

సబ్‌కాంట్రాక్టు పట్టిన వర్క్‌షాపువారు నోటిమాటపై ఇనుము కొనవద్దు. పరిమాణం, ధర, చెల్లింపు గడువు వ్రాసిన ఆర్డరు తీసుకోండి. అంతకు ముందే ఉద్యం నమోదు పూర్తిచేయండి. 2006 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు. మించితే, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కోరవచ్చు. ఫిర్యాదుకు ఆన్‌లైన్ సదుపాయం ఉంది. సరుకు అందినట్లు తేదీతో కూడిన రసీదు లేనిదే ఆ ఫిర్యాదు నిలబడడం కష్టం.

రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల కొనుగోళ్లకు రాష్ట్ర నియమాలు వేరుగా ఉంటాయి గనుక, ఏ టెండరు ప్రకటననైనా పూర్తిగా చదవండి. జామీనుకు బ్యాంకు గ్యారంటీ, ముడిసరుకుకు నిర్వహణ పెట్టుబడి కావలసినవారు ఆ ప్రకటన, ఉద్యం పత్రం, గత సంవత్సరపు లెక్కలతో టెండరు వేయకముందే శాఖకు రాగలరు.