దారిలో ఆగిన మొక్కు

వేదాద్రికి వచ్చిన భక్తుడు ముందుగా కృష్ణవేణిలో మునిగి, నదిలోని సాలగ్రామ నరసింహునికి నమస్కరిస్తాడు. ఆపైన గట్టు మీది ఆలయంలో యోగానంద, లక్ష్మీ నరసింహమూర్తులను సేవిస్తాడు. మోకాళ్లలో సత్తువ ఉంటే కొండపై జ్వాలానరసింహుని కూడా దర్శించి దిగుతాడు. వీరనరసింహుడు వెలసిన గరుడాద్రి ఇక్కడికి కొంత దూరం. పంచనారసింహ క్షేత్రమని పేరుగన్న ఈ చోటికి జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాల నుంచే గాక ఖమ్మం, నల్గొండ వైపు నుంచి కూడా మొక్కుబడులతో జనం వస్తారు. 2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది గాని, మా వయసువారి నోట ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే వస్తుంది. అది వేరే మాట.

మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవారి ముఖాలలో సంతోషం కనబడుతుంది. తీర్చుకోలేకపోయినవారు వస్తే వేరు. వారు చెప్పదలచుకున్నది వెంటనే చెప్పరు. ప్రదక్షిణలు చేస్తారు, తీర్థం తీసుకుంటారు, గుడి ఖాళీ అయ్యేదాకా మండపంలో కూర్చుంటారు. గడచిన శివరాత్రి వెళ్లిన కొద్దిరోజులకు అలా కూర్చున్న ఒక యువకుని గురించి పాఠకులకు మనవి చేయాలని ఈ వ్యాసం. ఆ అబ్బాయి అనుమతితోనే రాస్తున్నాను. పేరు అవసరం లేదు.

ఇక్కడి ఒక సిమెంటు కర్మాగారంలో పని చేస్తాడు. మూడేళ్లుగా మహాశివరాత్రికి మిత్రబృందంతో కలిసి నల్లమల అడవిలోని అన్నదాన శిబిరానికి వెళ్లి, కాలినడకన శ్రీశైలం పోయే యాత్రికులకు వండి వడ్డించి వస్తున్నాడు. ఈసారి సేవతో పాటు ఒక మొక్కు కూడా ఉన్నది. తల్లికి పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆమె లేచి తిరిగితే శివరాత్రినాడు నడిచి వెళ్లి మల్లన్నను దర్శిస్తానని మొక్కుకున్నాడు. ఆమె లేచి తిరిగింది.

ఆ దారి ఎరుగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఆత్మకూరు దాటి వెంకటాపురం వద్ద అడవి మొదలవుతుంది. నాగలూటిలో వీరభద్రుని దర్శించి, దామెర్లకుంట, పేచెరువు, మఠంబావి మీదుగా సాగాలి. భీముని కొలను దగ్గర దారి ఒక లోయలోకి దిగి, అక్కడి నుంచి రాతిమెట్ల మీదుగా నిట్టనిలువుగా కైలాసద్వారానికి ఎక్కుతుంది. 40 కిలోమీటర్లకు పైబడిన నడక. ఇది పులుల అభయారణ్యం కావడం చేత అటవీశాఖవారు పర్వదినాలలోనే యాత్రికులను అనుమతిస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు ఈ దారిన వేలాదిగా వస్తారు. శివరాత్రికి మనవారూ వారూ కలిసే ఉంటారు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దివాడు. అరణ్యపర్వశేషం రచించిన ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. అడవిదారిన నడిచేవారికి మెట్లు కట్టించిన రాజు వద్దనే అరణ్యపర్వం పూర్తిచేసిన కవి ఉండడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

పద్నాలుగురు మిత్రులు. పేచెరువు శిబిరంలో నాలుగురోజులు గంజి, అన్నం, మజ్జిగ పంచారు. శివరాత్రినాడు తెల్లవారకముందే శిబిరం పని తరువాతి జట్టుకు అప్పగించి, వీపుసంచులు తగిలించుకొని శ్రీశైలానికి బయలుదేరారు. రాత్రికి లింగోద్భవకాలంలో మల్లన్నకు పాగా చుట్టే వేడుక చూడాలని అందరి కోరిక. దీపాలన్నీ ఆర్పిన చీకటిలో చేనేత వంశస్థుడు దిగంబరుడై విమానశిఖరం నుంచి నందులను కలుపుతూ పాగా చుట్టే ఆ ఘట్టం చూచినవారికి వర్ణించనక్కరలేదు.

భీముని కొలను దిగుతుండగా ఒక వృద్ధురాలు మెట్ల మీద కూలిపోయి కనిపించింది. ప్రక్కన ఆమె భర్త. కన్నడం తప్ప మరో భాష రాదు. వారి గుంపు ముందుకు వెళ్లిపోయింది. శివరాత్రి ఉపవాసమని ఆమె తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. మిత్రులలో వాదన జరిగింది. ఎవరైనా వస్తారు, మనం ఆలస్యమైతే దర్శనం అందదు అని కొందరన్నారు. పన్నెండుమంది ముందుకు సాగారు. ఇతడూ మరొకడూ ఆగారు. ఆమె పెదవులు తడిపి, దుప్పటిని కర్రకు డోలీగా కట్టి, దారిన పోయేవారి భుజాలు కూడా అడిగి తీసుకొని, వచ్చిన దారినే వెనుకకు పేచెరువు వైద్యశిబిరానికి మోసుకువెళ్లారు. చేరేసరికి సాయంకాలమైంది. ఆమెకు సెలైను ఎక్కించి జీపులో పంపారు. చీకటి పడ్డాక ఆ అడవిలో నడక తగదు. తిరుగు యాత్రికుల కోసం శిబిరంలో మళ్లీ పొయ్యి వెలిగించవలసి వచ్చింది. లింగోద్భవ సమయానికి ఆ అబ్బాయి గుండిగలు తోముతున్నాడు. మరునాటితో సెలవు ముగిసింది. దర్శనం లేకుండానే ఇల్లు చేరాడు.

ఇంతవరకు అతనికి దిగులు లేదు. దిగులు ఇంటికి వచ్చాక మొదలైంది. ఇరుగుపొరుగువారిలో పెద్దలనబడేవారు తల్లి దగ్గర చేరి, శివరాత్రి మొక్కు సగంలో ఆగితే అరిష్టమని, వెనుదిరిగిన యాత్ర ఇంటికి మంచిది కాదని చెప్పారు. శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న ఆ తల్లి అన్నం సరిగా తినడం మానింది. తన కోసం మొక్కిన మొక్కు తన కొడుకును కాటేస్తుందేమోనని ఆమె భయం. "స్వామీ, నేను తప్పు చేశానా? చేస్తే చేశానని చెప్పండి, ప్రాయశ్చిత్తం చేసుకుంటాను. చేయకపోతే ఆ మాట మా అమ్మకు చెప్పండి" అన్నాడు.

పాఠకులారా, ఇటువంటి ప్రశ్నకు రెండు సులువైన జవాబులు ఉన్నాయి. మానవసేవే మాధవసేవ, నీ మొక్కు తీరిపోయింది పొమ్మనడం ఒకటి. మొక్కు తప్పావు, శాంతి చేయించమనడం రెండవది. నేను రెండూ చెప్పలేదు. మొక్కు అంటే దేవునికి మనం పడిన బాకీ. బాకీ తీర్చడానికి బయలుదేరినవాడు దారిలో పడిపోయినవానిని ఆస్పత్రికి చేర్చి ఆ పూటకు ఇల్లు చేరితే, బాకీ ఎగవేసినవాడు అనిపించుకోడు. అలాగని బాకీ తీరినట్టూ కాదు. మొక్కు చెడలేదు, తీరనూ లేదు, నిలిచి ఉన్నది అన్నాను. అతడు కాసేపు ఆలోచించి, "అయితే మళ్లీ వెళ్లాలి" అన్నాడు. ఆ మాటలో బాధ కంటే ఊరటే ఎక్కువగా వినిపించింది.

భీముని కొలను పేరు వినగానే నాకు అరణ్యపర్వమే మనసులో మెదిలింది. పాండవుల తీర్థయాత్ర కూడా గుంపుగా చేసిన అడవి నడకే. బయలుదేరేముందు లోమశ మహర్షి ధర్మరాజును పరివారం తగ్గించుకొమ్మని, తేలికగా ఉంటే సుఖంగా నడవవచ్చునని హెచ్చరించాడు. ధర్మరాజు ఆకలిదప్పులకు, శ్రమకు ఓర్వలేనివారిని నొప్పించకుండా వెనుకకు పంపాడు. ఈనాడు వీపుసంచిలో అక్కరలేనివన్నీ కుక్కుకొని అడవికి పోయే పిల్లలు ముందుగా చదవవలసిన ఘట్టమిది.

గంధమాదన పర్వతం ఎక్కేటప్పుడు పెనుగాలి, వాన. అవి తగ్గాక కొంతదూరం నడిచి ద్రౌపది సొమ్మసిల్లింది. నకులుడు పరుగున వచ్చి పట్టుకున్నాడు. ధర్మరాజు ఆమెను ఒడిలో పెట్టుకొని విలపించాడు. ధౌమ్యుడు మొదలైన బ్రాహ్మణులు రక్షోఘ్న మంత్రాలు జపించారు. నకుల సహదేవులు వింటినారి రాపిడికి కాయలు కాచిన చేతులతో ఆమె పాదాలు మెల్లగా ఒత్తారు. వేదం చదువుకున్నవాడిగా నేను ఈ దృశ్యాన్ని పలుమార్లు తలచుకుంటాను. మంత్రం చదివేవారు చదువుతున్నారు, కాళ్లు పట్టేవారు పడుతున్నారు. ఒకటి ఉన్నది గనుక రెండవది అక్కరలేదని ఎవరూ అనుకోలేదు. ఆపైన భీముడు తలచినంతనే ఘటోత్కచుడు వచ్చి ద్రౌపదిని మోశాడు. అతని వెంట వచ్చిన రాక్షసులు తక్కినవారిని మోశారు. అలా అందరూ బదరీవనంలోని నరనారాయణాశ్రమం చేరారు. తీర్థయాత్రలో మూపు ఇచ్చిన ఆ యువకుడు రాక్షసి కడుపున పుట్టినవాడు.

ఇక్కడ ఒక శంక రావచ్చు. మహాప్రస్థానంలో అదే ద్రౌపది కూలితే అదే ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు కదా? తమ్ములు ఒక్కొక్కరే పడిపోతున్నా ఆగలేదు కదా? నిజమే. కాని మహాప్రస్థానం తీర్థయాత్ర కాదు. తిరిగి రావాలన్న తలంపు లేకుండా, దేహాన్ని విడవడానికే బయలుదేరినవారి నడక అది. తీర్థయాత్రికుడు తిరిగి ఇంటికి రావలసినవాడు, తనతో వచ్చినవారిని ఇంటికి చేర్చవలసినవాడు. పైగా, ఎవరికోసమూ ఆగని ఆ ధర్మరాజే చివరకు తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కనన్నాడు. ఆ పన్నెండుమంది మిత్రులను నేను తప్పు పట్టడం లేదు. వారి మొక్కులు వారివి, ఇద్దరు ఆగారన్న ధైర్యంతోనే వారు వెళ్లారు. పద్నాలుగురిలో ఒక్కరూ ఆగకపోయి ఉంటే అప్పుడు నేను రాయవలసింది వేరుగా ఉండేది.

ఆ వృద్ధురాలి ఉపవాసం మాట కూడా చెప్పాలి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతాన్ని చెడగొట్టవని మహాభారతం ఉద్యోగపర్వంలో స్పష్టంగా ఉన్నది. ఎండలో, అడవిలో, పెద్ద వయసులో నడిచేవారు నీళ్లు మాని కూలిపోవడం ఏ శాస్త్రమూ కోరలేదు. ఇంట్లో పెద్దవారు యాత్రకు బయలుదేరుతుంటే ఈ సంగతి దయచేసి చదివి వినిపించండి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, ఈ ఆత్మకూరు అడవిదారినే శ్రీశైలం సేవించుకున్నాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను యాత్రకు పోదలచినవారు తప్పక చదవాలి. ఆయన పల్లకిలో వెళ్లాడు, బోయీలు మోశారు. పల్లకి మోసిన బోయీకి యాత్రాఫలం ఉన్నదా అని వెనుకటివారిని అడిగితే ఏమనేవారో గాని, శబరిమల నీలిమల ఎక్కుడులో కూలిన స్వాములను స్ట్రెచరు మీద మోసుకొని పరుగెత్తే సేవాసంఘం యువకులను చూచినవారెవరూ నేడు ఆ ప్రశ్న అడగరు. కొన్ని శిబిరాల దగ్గర ప్లాస్టిక్ సీసాలు గుట్టలు పడడం, పులులుండే అడవిలో మైకుల మోత, ఇవి మాత్రం చూడలేము. ఆ పిల్లలు నా మాట వింటారన్న నమ్మకంతోనే అంటున్నాను.

తల్లిని పిలుచుకు రమ్మన్నాను. మరునాడు వచ్చింది. ఆమెకు అరణ్యపర్వం చెప్పలేదు, ఆమె ఎదురుగా ఉన్న కొండ కథ చెప్పాను. సోమకాసురుడు వేదాలను అపహరిస్తే మత్స్యమూర్తి వాటిని తిరిగి తెచ్చాడు. స్వామిని నిత్యం తమ శిరస్సున ధరించే భాగ్యం కావాలని వేదాలు కోరాయి. ఇప్పుడు కాదు, నరసింహావతారంలో హిరణ్యకశిపుని వధించిన తరువాత వస్తాను, అంతవరకు కృష్ణవేణిలో సాలగ్రామ పర్వతమై ఉండండి అన్నాడు స్వామి. స్థలపురాణం చెప్పే కథ ఇది. అవతారాలు గడిచేదాకా వేదాలు ఈ నీటిలో కాచుకొని ఉన్నాయి. ఆలస్యమైనందుకు వాటికి అరిష్టం జరిగిందా తల్లీ అని అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. నది వైపు చూస్తూ, "ఈ నీళ్లు శ్రీశైలం నుంచేగా వస్తున్నాయి?" అన్నది. పాతాళగంగను తాకిన కృష్ణమ్మే సాగరం, పులిచింతల దాటి మన దగ్గరకు వస్తున్నదన్నాను. దిగి స్నానం చేసి, ప్రసాదం కడుపునిండా తిన్నది.

మొన్న ఆ అబ్బాయి మళ్లీ కనిపించాడు. వచ్చే శివరాత్రికి సెలవు పెట్టుకున్నాడట. నడక ఆగిన భీముని కొలను నుంచి మొదలుపెట్టాలా, మొదటి నుంచి నడవాలా అని సందేహం. వెంకటాపురం నుంచే నడవమన్నాను, నాగలూటి వీరభద్రునికి కొబ్బరికాయ కొట్టి. శిబిరం పని ముందే ముగించుకొని, దర్శనానికి ఒకరోజు ఎక్కువ చేతిలో ఉంచుకొమ్మని కూడా చెప్పాను, దారిలో మళ్లీ ఎవరైనా పడిపోతే అవసరపడుతుందని. ఈసారి డోలీకి తగిన గట్టి దుప్పటి, కర్ర బృందమే వెంట తీసుకువెళుతున్నారట. పద్నాలుగురూ వస్తున్నారు.