ఎముక గడ్డ మంచిదా, చెడ్డదా? ఎలా తెలుసుకోవాలి?

ఎక్స్‌రేలో గడ్డ కనిపించింది. ముందు ఏం చూడాలి?

దాని అంచు చూడండి. ఎముక జీవమున్న కణజాలం. గడ్డ నెమ్మదిగా పెరిగితే దాని చుట్టూ కొత్త ఎముక పేర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఫిల్ములో సన్నని తెల్లటి గట్టు కనిపిస్తుంది. వేగంగా పెరిగితే ఆ వ్యవధి ఉండదు, హద్దు చెరిగిపోతుంది. పైపొర పెరియాస్టియం లేచిపోయినప్పుడు దాని అంచున మాత్రమే కొత్త ఎముక ఏర్పడితే అది కాడ్‌మన్ త్రికోణం. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎముకకు చీము పట్టినా రావచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మకూడదు.

వయసు ఎందుకు అడుగుతారు?

ఎదిగే వయసులో ఎముక మోకాలి చుట్టూ చాలా వేగంగా పెరుగుతుంది. ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేదీ ఆ వయసులోనే, అక్కడే. జెయింట్ సెల్ ట్యూమర్ సాధారణంగా ఎదుగుదల ఆగాక, 20-40 ఏళ్ల మధ్య వచ్చి, కీలు దాకా వ్యాపిస్తుంది. 40 దాటితే ముందు వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్‌నూ, మజ్జలో పుట్టే క్యాన్సర్ మైలోమానూ అనుమానించాలి.

క్యాన్సర్ కాకపోతే వదిలేయవచ్చా?

అన్నిటినీ కాదు. ఆస్టియోకాండ్రోమా అనే గడ్డ పెరగడం శరీరం ఎదుగుదలతోపాటే ఆగిపోతుంది. పెద్దయ్యాక మళ్లీ పెరిగితే క్యాన్సర్‌గా మారిందేమోనని అనుమానించాలి. జెయింట్ సెల్ ట్యూమర్ క్యాన్సర్ కాకపోయినా ఎముకను తినేస్తుంది, గోకి తీసినా తిరిగి రావచ్చు.

కండరంలో గడ్డ అయితే?

5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా సార్కోమా అనే క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు. నొప్పి లేదని ధైర్యపడకండి. చాలా సార్కోమాలు మొదట్లో నొప్పి పెట్టవు.

ముక్క పరీక్ష ఎవరు చేయాలి?

చివరికి ఆపరేషన్ చేసే సర్జనే చేయాలి, లేదా ఆయనతో మాట్లాడాకే చేయాలి. ఎమ్మారై అంతకుముందే అయిపోవాలి. సూది లేదా కత్తి వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు ఉండిపోవచ్చు. ఆ దారిని కూడా గడ్డతోపాటే తీసేయాలి. అందుకే కోత చేయి, కాలు పొడవునా నిలువుగా ఉండాలి. అడ్డంగా కోస్తే కాపాడగలిగిన కాలు కూడా పోవచ్చు.

ఆలస్యమైతే ఏమవుతుంది?

ఆస్టియోసార్కోమా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరుతుంది. కీమోథెరపీ రాకముందు కాలు తీసేసినా ఎక్కువమంది బతికేవారు కాదు. ఇప్పుడు పాకకముందే పట్టుకుంటే, కీమో, సర్జరీ కలిపి ఇస్తే, సగానికి పైగా బతుకుతున్నారు. కాబట్టి ఎదిగే పిల్లలకు మోకాలి నొప్పి తగ్గకుండా ఉంటే, రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే, అది ఆటల్లో తగిలిన దెబ్బేనని సరిపెట్టకండి. తైలం మర్దనాకో, నాటు కట్టుకో వెళ్లకముందే ఒక్క ఎక్స్‌రే తీయించండి.