వార్తల్లో పదం: కార్బన్ క్రెడిట్

ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా ఆపినా, గాలిలోంచి పీల్చుకున్నా దక్కే ధ్రువపత్రమే కార్బన్ క్రెడిట్. కొనేవాళ్లిచ్చే డబ్బు పల్లె ఇంధనానికి పెట్టుబడి కావచ్చు. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనెతో డీజిల్ తగ్గించే లెక్కన 147 టన్నులకు 645 డాలర్లు అందుకున్నారు.

ఖమ్మం, భద్రాచలం వైపు బీడు చేలల్లో చెట్లు పెంచిన ఐటీసీ సామాజిక వన పథకం 2009లో ఐక్యరాజ్యసమితి క్రెడిట్ల విధానంలో నమోదైంది. జామాయిల్ దుంగ సారపాక కాగితం మిల్లుకు, కొమ్మా రెమ్మా పొయ్యిలోకి. నరికిన మోడు మళ్లీ పిలకలేస్తుంది. అయినా ఆ విధానంలో చెట్ల క్రెడిట్లకు గడువుండేది. చెట్టు పోతే కార్బన్ తిరిగి గాలిలోకే కదా! ఈ షరతు సబబే. కానీ కొలతలు, తనిఖీల ఖర్చు రెండెకరాల కోయ రైతు ఒక్కడే మోయలేడు. చిన్న కమతాలన్నీ ఒకే పథకం కిందికి తెచ్చింది అందుకే.