వేషములో వేషము

విరాటుని కొలువు కథను నాటకముగా ఆడునపుడు ఒక నటునకు రెండింతల పని పడును. అతడు అర్జునుడు కావలెను. ఆ అర్జునుడు బృహన్నల కావలెను. తిన్నగా బృహన్నల వేషము కట్టినంత మాత్రమున చాలదు. భయపడి పారిపోవు ఉత్తరుని పట్టి తెచ్చు వేళ ఆ చీర చాటున గాండీవధారి తోపకున్నచో కథ చెడును. లోపలి వేషము నిలుచుటకు మొదటి వేషము గట్టిగా ఉండవలెను. ఇట్టి పరీక్షయే నేడు పాత వీడియో ఆటల యంత్రముల విషయమున జరుగుచున్నది.

1983లో జపానులో నింటెండో సంస్థ ఫామికామ్ అను ఆటయంత్రమును వెలువరించెను. టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఇట్టి యంత్రములను కన్సోలు లందురు. దాని ప్రాసెసరు సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల గడియార స్పందనములతో నడచును. అది చూపు బొమ్మ అడ్డముగా 256 చుక్కలు, నిలువుగా 240 వరుసలు. 2001లో అదే సంస్థ చేత పట్టుకొని ఆడు గేమ్ బాయ్ అడ్వాన్స్‌ను తెచ్చెను. దీని వేగము సెకనుకు సుమారు 1 కోటి 67 లక్షల 80 వేల స్పందనములు. తెర మాత్రము చిన్నది; 240 చుక్కల అడ్డము, 160 వరుసల నిలువు.

2004లో ఈ చిన్న యంత్రము కొరకు సూపర్ మారియో బ్రదర్స్ మొదలగు ఫామికామ్ ఆటలు కార్ట్రిజ్‌లుగా వెలువడెను. కార్ట్రిజ్‌లో పాత ఆటతో పాటు పాత యంత్రము వలె నటించు ప్రోగ్రామొకటి ఉండును. దానిని ఎమ్యులేటరు అందురు. అది ఒక దుబాసి వంటిది. పాత ప్రాసెసరుకు ఉద్దేశించిన ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదివి, వానికి సమానమైన పనిని కొత్త ప్రాసెసరుచేత చేయించును. పాతదాని ఒక్క స్పందనకాలమున కొత్తదానికి దక్కునవి తొమ్మిదికి కొంచెము మించిన స్పందనములే. ఆ స్వల్ప వ్యవధిలోనే దుబాసి పని సాగవలెను. ఇక బొమ్మ మాట. 240 వరుసలు 160లో ఇముడవు గనుక నిలువున కుదించినారు. మారియో పొట్టివాడయ్యెను.

ఈ కార్ట్రిజ్‌లలో మరియొక వింత కలదు. అనుకరణతోనే బ్రతుకు ఈ వస్తువు తన్ను మరొకరు అనుకరించుటను సహింపదు. నిజమైన యంత్రములో ఉన్నదో, కంప్యూటరుపై నడచు నకిలీలో ఉన్నదో తెలిసికొనుటకు వల పన్నును. ప్రాసెసరు ఒక ఆజ్ఞను నెరవేర్చుచుండగానే తరువాతి ఆజ్ఞలను ముందుగా తెచ్చుకొని యుంచుకొనును. సరిగా ఆ క్షణమున కార్ట్రిజ్‌లోని ప్రోగ్రాము రానున్న ఆజ్ఞను మెమొరీలో మార్చివేయును. అసలు ప్రాసెసరు తాను అప్పటికే తెచ్చుకొన్న పాత ఆజ్ఞనే నెరవేర్చును. అజాగ్రత్తగా వ్రాసిన నకిలీ, మెమొరీలోని కొత్త ఆజ్ఞను చదివి పట్టుబడును. అసలునకు ఆనవాలు ఆ చిన్న వెనుకబాటే.

ఎఫ్.పి.జి.ఎ. అను చిప్పులు 1985 నుండి అంగడిలో కలవు. వీని లోపలి సర్క్యూటుల కూర్పును, తయారైన తరువాత కూడ, మనకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. పాత యంత్రపు సర్క్యూటుల నడవడిని వ్రాసి యిచ్చినచో చిప్పు ఆ నడవడినే తాల్చును. 2021 డిసెంబరులో వెలువడిన ఎనలాగ్ పాకెట్ అను యంత్రము ఇట్టిది. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిజ్‌ను నేరుగా దానిలో దూర్చి ఆడవచ్చును. 2004 నాటి కార్ట్రిజ్‌ను దూర్చినచో నాటకము సిద్ధమగును. చిప్పు నటుడు; గేమ్ బాయ్ అడ్వాన్స్ అర్జునుడు; ఫామికామ్ బృహన్నల.

ఇక్కడనే ఒక చిక్కు తోచును. పాకెట్ తెర అడ్డము 1600 చుక్కలు, నిలువు 1440. ఫామికామ్ బొమ్మలోని 240 వరుసలను ఆరు రెట్లు చేసినచో సరిగా 1440. 256ను ఆరు రెట్లు చేసినచో 1536. పూర్తి బొమ్మకు చోటు చక్కగా సరిపోవును. ఐనను ఆ కార్ట్రిజ్ నుండి తెరపైకి వచ్చునది 160 వరుసల కుదించిన బొమ్మయే. చోటున్నను మారియో పొట్టివాడే.

ఇది లోపమని తోచవచ్చును. కాని పాత యంత్రములు ఒక్కొక్కటిగా చెడిపోవుచున్నవి. అవి పూర్తిగా మూలబడిన నాడు ఆ కార్ట్రిజ్ ఎట్లు నడచెడిదో చెప్పవలసిన సాక్షి ఇట్టి పునర్నిర్మాణమే. సాక్షి కథకు మెరుగులు దిద్దరాదు. తాళపత్ర గ్రంథమునకు నకలు తీయు లేఖకుడు, తనకు తప్పని తోచిన అక్షరమునెల్ల తానే దిద్దుకొనుచు పోయినచో, తరువాత వచ్చు పరిష్కర్తకు అసలు పాఠము దొరకు దారి మూసికొనిపోవును. ఆ దిద్దుబాటులలో ఏది సరియో, ఏది లేఖకుని అజ్ఞానమో తేల్చువారు ఉండరు. చిప్పు విషయమునను ఇంతే. ఆ చిన్న వెనుకబాటును "సరిదిద్దిన" చిప్పులో కార్ట్రిజ్ తన వల తానే విసరును, ఆట చెడును.

పూర్తి బొమ్మను కోరువారు అదే విధముగా ఫామికామ్‌నే పునర్నిర్మించుకొనవచ్చును. అది వేరొక నాటకము. 2004 నాటి కార్ట్రిజ్‌ను ఉన్నదున్నట్లు చూడగోరువారు మాత్రము ఆ పొట్టి మారియోను చూడవలసినదే.