అక్కకు కామెర్లు, తమ్ముడికి పరీక్ష

రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే పరగడుపున తాగడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటు. చిలకలూరిపేటలోనూ అంతే. అందరికీ పడే ఆ నీళ్లు కొందరు పిల్లలకు పడవు. వాళ్ల ఒంట్లోకి రాగి వస్తుంది గానీ, సరిగ్గా బయటికి పోదు.

ఇది విల్సన్ వ్యాధి. లండన్ వైద్యుడు కిన్నియర్ విల్సన్ 1912లో దీన్ని వివరంగా రాశాడు. పప్పులో, నీళ్లలో రోజూ కొద్దికొద్దిగా వచ్చే రాగిలో కావలసింది ఉంచుకుని, మిగతాది పైత్యరసంతో తోసేసేది కాలేయం. ఆ పని చేయించే జన్యువు ఏటీపీ7బీ. 1993లో దాని ఆచూకీ దొరికింది. అది చెడితే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. ప్రపంచంలో దాదాపు 30 వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడ్డ జన్యువే వస్తేనే జబ్బు. వాళ్లిద్దరూ మాత్రం నిక్షేపంగా ఉంటారు. మేనరికమైతే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధమైతే రాదనీ కాదు.

సాధారణంగా ముందు బయటపడేది పెద్దపిల్ల. ఏ ఎనిమిదో ఏటో కామెర్లు వస్తాయి, పసరు పోయిస్తారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాయి. లేదంటే ముత్యాల్లాంటి చేతిరాత వంకర్లు పోతుంది, మాట ముద్దగా వస్తుంది. గుంటూరూ హైదరాబాదూ తిరిగాక రాగి సంగతి తేలుతుంది. అప్పుడు డాక్టరు అడిగే ప్రశ్న: ‘ఇంకా పిల్లలున్నారా?’

ఒళ్లో ఉన్న చంటివాడికి ఆ జబ్బు ఉండే అవకాశం నాలుగో వంతు. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్ ఈ జబ్బులో తగ్గుతుంది గానీ, అదొక్కటే చూస్తే సరిపోదు. తొలి నెలల్లో ఏ పిల్లలకైనా అది తక్కువే. అక్క జన్యువులో తప్పెక్కడుందో తెలిస్తే, వాడి రక్తంలో అదే వెతికి తేల్చేస్తారు. తేలినా ఆ రోజే మందు మొదలెట్టరు. చాలామందికి రెండు మూడేళ్ల వయసులో మొదలవుతుంది.

పెద్దపిల్ల వాడే పెనిసిలమైన్ ఒంట్లో చేరిన రాగిని మూత్రంలోకి లాగేస్తుంది. 1950ల్లో దాన్ని తెచ్చిన బ్రిటిష్ వైద్యుడు జాన్ వాల్ష్ ముందు తానే మింగి చూశాడు. లక్షణాలింకా రాని పిల్లలకు తరచూ జింకు ఇస్తారు. అది పేగు దగ్గరే రాగిని అడ్డుకుంటుంది. పేచీ అంతా వేళ దగ్గరే: తిండికి గంట ముందో, తిన్న రెండు గంటలకో వెయ్యాలి. ఈలోపు బిస్కెట్టు కావాలని వాడు గోల.

రక్తం పడుతుందని కార్జం వండిపెట్టే అమ్మమ్మకు నచ్చజెప్పడం ఇంకో పని. కార్జంలాగే రాగి ఎక్కువుండే పీతలు, జీడిపప్పు, చాక్లెట్, పుట్టగొడుగులు కూడా మొదట్లో పక్కన పెట్టాల్సినవే. రాగిజావ పేరు విని కంగారు పడేవాళ్లుంటారు. రాగులకూ రాగి లోహానికీ కలిసింది పేరొక్కటే.

అసలు చిక్కు పిల్లవాడు బాగుండటంతోనే వస్తుంది. గంతులేస్తున్న పిల్లాడికి మందులెందుకని బంధువులంటారు. మానేస్తే, ఏళ్లు గడిచాకైనా సరే, కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మందు మరీ ఎక్కువైతే రాగి చాలక రక్తహీనత వస్తుంది. అందుకే ఆర్నెల్లకో ఏడాదికో 24 గంటల మూత్రం పట్టి పరీక్షకు పంపాలి. మొదటి రోజు పొద్దుటిది పారబోసి, అక్కణ్ణుంచి మర్నాడు పొద్దుటిదాకా ప్రతి చుక్కా ప్లాస్టిక్ క్యానులోకే.